గెటిస్‌బర్గ్‌ను బల్ల మీద ఆడటం: బొమ్మల యుద్ధక్రీడలో కొలతలు, పాచికలు, చరిత్ర

అమెరికా అంతర్యుద్ధం వంటి యుద్ధాల్లో జరిగిన ఒక పోరాటాన్ని రంగులు వేసిన చిన్న సైనికుల బొమ్మలతో, బల్ల మీద పరిచిన నేల నమూనాపై, కొందరు మిత్రులు రెండు పక్షాలుగా చీలి ఆడే ఆటను టేబుల్‌టాప్ వార్‌గేమ్ అంటారు. దీని గురించి కొత్తగా విన్నవారికి సాధారణంగా మూడు సందేహాలు కలుగుతాయి. పాచికల మీద ఆధారపడే ఆటలో వ్యూహానికి చోటెక్కడ? ఫలితం అందరికీ తెలిసిన పోరాటాన్ని మళ్లీ ఆడటంలో అర్థమేమిటి? బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి పోరాడిన సైన్యాన్ని ఎవరో ఒకరు ఆడవలసి రావడం సబబేనా? మూడూ న్యాయమైన ప్రశ్నలే. వాటికి సమాధానం కావాలంటే ముందుగా ఈ ఆట నియమాలు ఎలా తయారవుతాయో తెలియాలి. ఎందుకంటే ఇందులో ప్రతి నియమమూ, ఆ యుద్ధంలో గెలుపోటములను నిజంగా తేల్చినది ఏమిటి అనే విషయం మీద నియమకర్త చేసే ఒక వాదన.

ఉదాహరణగా 1863 జులై 1, 2, 3 తేదీలలో పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్ పట్టణం చుట్టూ జరిగిన పోరాటాన్ని తీసుకుందాం. జార్జ్ మీడ్ నాయకత్వంలోని ఉత్తరాది సైన్యం, అంటే యూనియన్ సైన్యం, సుమారు 90 వేల మంది. రాబర్ట్ ఇ. లీ నాయకత్వంలోని దక్షిణాది సైన్యం, అంటే కాన్ఫెడరేట్ సైన్యం, 70 వేలకు పైగా. మూడు రోజుల్లో ఇరుపక్షాలలో మరణించినవారు, గాయపడినవారు, పట్టుబడినవారు, జాడ తెలియనివారు కలిపి దాదాపు 50 వేలు. ఈ ఆటను ఇష్టపడేవారు అన్నింటికన్నా ఎక్కువగా ఆడే పోరాటాలలో ఇది ఒకటి.

బల్ల మీద ఏముంటుంది

బొమ్మల ఎత్తును మిల్లీమీటర్లలో చెబుతారు. 6, 10, 15, 28 మిల్లీమీటర్ల బొమ్మలు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. వీటిని ఒక్కొక్కటిగా కాక, బేస్ అనే చిన్న పలకల మీద కొన్నేసి అతికించి కదుపుతారు. కొన్ని బేస్‌లు కలిస్తే ఒక రెజిమెంట్. మూడు నుంచి ఐదు రెజిమెంట్లు కలిస్తే ఒక బ్రిగేడ్. బ్రిగేడ్లు కలిస్తే డివిజన్, డివిజన్లు కలిస్తే కోర్. కాగితం మీద రెజిమెంటుకు వెయ్యి మంది ఉండాలి. కానీ 1863 నాటికి జబ్బుల వల్ల, పాత పోరాటాల నష్టాల వల్ల చాలా రెజిమెంట్లలో మూడు నాలుగు వందల మందే మిగిలారు.

దూరాలను అంగుళాల టేపుతో కొలుస్తారు. ఆట వంతులుగా సాగుతుంది. ఒక వంతు అసలు యుద్ధంలో పది నిమిషాలో, ఇరవై నిమిషాలో, కొన్ని ఆటల్లో గంటో అవుతుంది. కొన్ని నియమావళుల్లో ఒక పక్షం తన దళాలన్నింటినీ కదిపిన తరువాతే రెండో పక్షం వంతు వస్తుంది. మరికొన్నింటిలో చెరొక బ్రిగేడ్‌ను మార్చి మార్చి కదుపుతారు, లేదా చీటీ తీసి ఎవరి పేరు వస్తే వారు కదుపుతారు. మొదటి పద్ధతి తేలికే గాని, శత్రువు ఎదురుగా నడిచి వస్తున్నంతసేపూ రెండో సైన్యం ఊరికే నిలబడి చూస్తున్నట్టు అవుతుందన్న విమర్శ దానిపై ఎప్పటినుంచో ఉంది.

కొలతలు ఎందుకు పొసగవు

జులై 3 మధ్యాహ్నం దాదాపు 12,500 మంది కాన్ఫెడరేట్ సైనికులు బయలు నేల మీదుగా యూనియన్ పంక్తుల వైపు నడిచారు. పికెట్స్ ఛార్జ్ అనే పేరుతో ప్రసిద్ధమైన ఆ దాడి ముప్పావు మైలు సాగింది. ముప్పావు మైలంటే 1,320 గజాలు. బల్ల మీద ఒక అంగుళాన్ని 40 గజాలుగా తీసుకుంటే అది 33 అంగుళాలవుతుంది. దాడి వెడల్పు సుమారు ఒక మైలు, అంటే 44 అంగుళాలు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న బల్ల మీద ఈ దృశ్యమంతా చక్కగా సరిపోతుంది.

ఇక బొమ్మల సంగతి. 28 మిల్లీమీటర్ల బొమ్మ అసలు మనిషిలో సుమారు అరవయ్యో వంతు. నేలను కూడా అదే నిష్పత్తిలో తయారు చేయాలంటే 1,320 గజాలకు ఇరవై మీటర్ల పొడవైన బల్ల కావాలి. తిరగేసి, నేల నిష్పత్తికే మనిషిని కుదిస్తే అతని ఎత్తు ఒక మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. అందుకే ఈ ఆటలో రెండు కొలతలు పక్కపక్కనే నడుస్తాయి: కంటికి కనిపించే బొమ్మ కొలత ఒకటి, లెక్కకు పనికొచ్చే నేల కొలత మరొకటి.

చిక్కు అక్కడితో తీరదు. 360 మంది ఉన్న రెజిమెంటు రెండు వరుసల్లో నిలబడితే వరుసకు 180 మంది. మనిషికి రెండడుగుల చోటు వేసుకుంటే 120 గజాల వెడల్పు, అంటే బల్ల మీద మూడు అంగుళాలు. ఇరవై మందికి ఒక బొమ్మ చొప్పున 18 బొమ్మలు పెట్టి, 28 మిల్లీమీటర్ల బొమ్మకు 20 మిల్లీమీటర్ల వెడల్పు ఇస్తే, రెండు వరుసల్లో ఆ దళం ఏడంగుళాలు ఆక్రమిస్తుంది. అంటే నేల మీద 280 గజాలు! ఆ లెక్కన నాలుగు రెజిమెంట్ల బ్రిగేడ్ నిలబడవలసిన చోట రెండు రెజిమెంట్లు కూడా పట్టవు. 15 మిల్లీమీటర్ల బొమ్మలయితే అంగుళం వెడల్పున్న బేస్‌లు మూడు పెడితే సరిపోతుంది. పెద్ద బొమ్మలు కావాలనుకునేవారు చిన్న పోరాటాలను, కొండ అంచునో తోటలోనో జరిగిన ఒక ఘట్టాన్ని, ఎంచుకోవడానికి ముఖ్య కారణం ఇదే.

తుపాకీ ఎంత దూరం కొట్టేది

ఇక్కడినుంచి లెక్క చరిత్రలోకి ప్రవేశిస్తుంది. ఆ యుద్ధంలో పదాతిదళం ఎక్కువగా వాడింది గొట్టం లోపల చాళ్లున్న రైఫిల్ మస్కెట్. స్ప్రింగ్‌ఫీల్డ్ 1861 నమూనా తుపాకీ గురిపట్టీ మీద 500 గజాల దాకా గుర్తులుండేవి. అంతకుముందు తరం నున్నటి గొట్టపు తుపాకులు వంద గజాలు దాటితే దాదాపు నిరుపయోగం. ఈ తేడాను బట్టి, కొత్త తుపాకీయే ముఖాముఖి దాడులను ఆత్మహత్యాసదృశంగా మార్చిందని, పాత యుద్ధతంత్రాన్ని వదలని సేనాపతులు అందుకు మూల్యం చెల్లించారని చాలాకాలం చరిత్రకారులు రాశారు.

బ్రిటిష్ సైనిక చరిత్రకారుడు, స్వయంగా వార్‌గేమర్ అయిన ప్యాడీ గ్రిఫిత్ 1980ల్లో ఈ అభిప్రాయాన్ని గట్టిగా ప్రశ్నించారు. పోరాటాల్లో నిజంగా కాల్పులు జరిగిన దూరాలను చూస్తే అవి చాలావరకు పాత తుపాకుల దూరాలకు దగ్గరగానే ఉన్నాయన్నది ఆయన వాదన. దానికి బలమిచ్చే కారణాలు ఉన్నాయి. ఈ కొత్త తుపాకుల్లో వాడిన మినీ అనే తూటా వేగం తక్కువ కావడంతో అది వంపు తిరిగి ప్రయాణించేది. 300 గజాలకు గురిపెట్టి కాలిస్తే మధ్యదూరంలో ఉన్న మనిషి తల మీదుగా పోయేది. దూరాన్ని సరిగా అంచనా వేయడంలో సైనికులకు శిక్షణ స్వల్పం. పైగా చెట్లు, గుట్టలు, తుపాకిమందు పొగ ఉండనే ఉన్నాయి.

ఆటకు ఈ చర్చతో నేరుగా పని ఉంది. పాత అభిప్రాయం నమ్మిన నియమకర్త తుపాకీకి పది పన్నెండు అంగుళాల దూరం ఇస్తాడు. గ్రిఫిత్‌ను నమ్మినవాడు మూడు నాలుగు అంగుళాలకు మించి ప్రభావం ఉండదంటాడు. మొదటి బల్ల మీద దాడి చేసే పక్షం చేరువకు రాకముందే కరిగిపోతుంది. రెండో బల్ల మీద దగ్గరకు వచ్చాక ఎవరు నిలుస్తారు, ఎవరు వెనుదిరుగుతారు అనేది అసలు ప్రశ్న అవుతుంది. నా మటుకు రెండో దారిలో రాసిన నియమాలే గెటిస్‌బర్గ్ స్వభావానికి దగ్గరగా అనిపిస్తాయి. అయితే జులై 3 నాటి విశాలమైన మైదానంలో దూరపు ఫిరంగి కాల్పులు చేసిన నష్టాన్ని అవి తక్కువగా చూపే ప్రమాదమూ లేకపోలేదు.

పాచిక దేనికి బదులు నిలుస్తుంది

ఉదాహరణ కోసం ఒక చిన్న నియమం కల్పించుకుందాం. 60 మందికి ఒక పాచిక. దగ్గర దూరంలో 5 లేదా 6 పడితే దెబ్బ తగిలినట్టు. దూరమైతే 6 పడితేనే. మన 360 మంది రెజిమెంటు ఆరు పాచికలు వేస్తుంది. దగ్గరలో సగటున రెండు దెబ్బలు, దూరంలో ఒకటి.

సగటు వెనుక ఉన్న విస్తృతిని చూడాలి. దగ్గర దూరంలో కూడా ఒక్క దెబ్బా తగలని అవకాశం దాదాపు 9 శాతం. నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ తగిలే అవకాశం సుమారు 10 శాతం. దూరంలో ఏమీ తగలని అవకాశం ఏకంగా 33 శాతం దాటుతుంది. కాబట్టి ఒక్క కాల్పు మీద ఆశ పెట్టుకున్న సేనాపతి జూదమాడుతున్నట్టే. రెండు రెజిమెంట్లను ఒకేచోటికి చేర్చి, ఫిరంగులను ముందుగానే తగిన దూరంలో నిలిపి, విఫలమైతే ఆదుకోవడానికి వెనుక ఒక బ్రిగేడ్‌ను ఉంచుకున్నవాడికి అదే పాచిక అంత భయంకరం కాదు. అంటే వ్యూహమనేది పాచికకు వ్యతిరేక పదం కాదు. పాచిక ఉన్నందువల్లే వ్యూహం అవసరమవుతుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే యువ అధికారి 1824లో ప్రవేశపెట్టిన క్రీగ్‌స్పీల్ అనే శిక్షణ క్రీడలో కాల్పుల ప్రయోగాల లెక్కలను పట్టికలుగా మార్చి, పాచికలతో ఫలితాలు తేల్చేవారు. పటం అంతా మధ్యవర్తికే కనిపించేది. ఇరుపక్షాలూ రాతపూర్వకంగా ఆజ్ఞలు పంపేవి. అనుభవమున్న మధ్యవర్తి తీర్పు ఉంటే పట్టికలే అక్కరలేదని అదే శతాబ్దంలో మరికొందరు జర్మన్ అధికారులు వాదించారు. పట్టిక నిష్పాక్షికమైనదే గాని, అందులో రాయని పరిస్థితి ఎదురైతే చేతులెత్తేస్తుంది. మధ్యవర్తి దేన్నయినా తూచగలడు గాని, అతని అభిమానాలు అతనికుంటాయి. నేటికీ మిత్రబృందాల్లో నడిచే వివాదం ఇదే.

లిటిల్ రౌండ్ టాప్: ఎవరు నిలుస్తారు

ప్రాణనష్టం కన్నా ముందు ధైర్యం చెదరడం వల్లనే దళాలు పోరాటం నుంచి తప్పుకుంటాయి. అందుకే దాదాపు ప్రతి నియమావళిలోనూ మనోస్థైర్య పరీక్ష ఉంటుంది. రెండో రోజు సాయంత్రం లిటిల్ రౌండ్ టాప్ కొండ దక్షిణపు అంచున యూనియన్ పంక్తికి ఎడమ చివర నిలిచిన 20వ మెయిన్ రెజిమెంటు దీనికి మంచి ఉదాహరణ. సుమారు 386 మంది. నాయకుడు కర్నల్ జాషువా చాంబర్లేన్. కింది నుంచి ఎక్కి వస్తున్నది విలియం ఓట్స్ నాయకత్వంలోని 15వ అలబామా రెజిమెంటు. వారు ఆ రోజు 20 మైళ్లకు పైగా నడిచి వచ్చారు. నీళ్ల కోసం పంపినవారు తిరిగి రాకుండానే దాడికి దిగారు. మెయిన్ రెజిమెంటు తన బలంలో దాదాపు మూడో వంతు కోల్పోయి, తూటాలు అయిపోతున్న దశలో, తుపాకులకు బాయ్‌నెట్‌లు బిగించి వాలు కిందికి దూకి ప్రత్యర్థులను తరిమింది.

రెండు పాచికలు వేసి మొత్తం 7 లేదా అంతకు మించితే దళం నిలుస్తుందని నియమం అనుకుందాం. 36 అవకాశాల్లో 21, అంటే 58 శాతం. మూడో వంతు నష్టానికి రెండు తీసివేస్తే 9 పడాలి. అవకాశం 28 శాతానికి పడిపోతుంది. ఎత్తైన చోటుకు ఒకటి, దళంలోనే ఉన్న నాయకుడికి ఒకటి కలిపితే మళ్లీ 58 శాతం. అలసటకు ఒకటి పోగొట్టుకున్న అలబామా రెజిమెంటుకు 8 పడాలి, అది 42 శాతం.

58 శాతం సురక్షితంగానే కనిపిస్తుంది. కానీ ఇలాంటి పరీక్షలు వరుసగా మూడు ఎదుర్కొని నిలబడే అవకాశం 20 శాతమే. అంటే ఈ నియమం ప్రకారం చాంబర్లేన్ దళం అయిదింట నాలుగుసార్లు కొండను వదిలేస్తుంది. ఇది ఆ దళం చూపిన అసాధారణ ధైర్యానికి లెక్కా, లేక నియమం మరీ కఠినంగా ఉందన్నదానికి సాక్ష్యమా? పాచికల లెక్క ఒక్కటే దీనికి జవాబు చెప్పలేదు.

ముందే తెలిసిన చరిత్రతో వచ్చే ఇబ్బంది

ఆ కొండ విషయంలోనే మరో పెద్ద సమస్య ఉంది. జులై 2 మధ్యాహ్నం దాకా అక్కడ యూనియన్ తరఫున ఉన్నది దాదాపుగా ఒక సంకేత బృందం మాత్రమే. ముఖ్య ఇంజినీరు గవర్నూర్ కె. వారెన్ ఆ ఖాళీని గమనించి సహాయం కోరితే, స్ట్రాంగ్ విన్సెంట్ తన బ్రిగేడ్‌ను హుటాహుటిన అక్కడికి నడిపించాడు. ఇవాళ యూనియన్ పక్షం ఆడే ఏ మిత్రుడైనా మొదటి వంతులోనే అక్కడొక బ్రిగేడ్‌ను పెట్టేస్తాడు. అలాగే యూనియన్ కోర్ కమాండర్ డేనియల్ సికిల్స్ చేసినట్టు తన కోర్ మొత్తాన్ని పంక్తి నుంచి ముందుకు తీసుకువెళ్లి పీచ్ ఆర్చర్డ్ అనే పండ్లతోట దగ్గర ఎవరూ నిలపరు.

దీనికి ఆటగాళ్లు కనిపెట్టిన దారులు పలురకాలు. సికిల్స్ ముందుకు జరిగిన తరువాతి క్షణం నుంచి ఆట మొదలుపెట్టడం ఒకటి. పోరాటం పేరు, ఊర్ల పేర్లు మార్చి, ఆడేవారికి అది గెటిస్‌బర్గ్ అని చెప్పకుండానే నడిపించడం మరొకటి. ఇది సాగాలంటే అంతా తెలిసిన ఒక మధ్యవర్తి తప్పనిసరి. దళాలు వచ్చే సమయాన్ని, దారిని పాచికతో మార్చడం ఇంకొకటి. మొదటిది చరిత్రకు విధేయమే గాని, ఆటగాడి చేతుల్లోంచి అసలు నిర్ణయాన్ని లాగేసుకుంటుంది. చివరిదానిలో స్వేచ్ఛ ఎక్కువే అయినా, మార్పులు పెరిగేకొద్దీ బల్ల మీద ఉన్నది గెటిస్‌బర్గ్ కాకుండా పోతుంది.

నలుగురైదుగురు కలిసి ఆడినప్పుడు మాత్రం ఒక మేలు దానంతటదే జరుగుతుంది. తొలిరోజు సాయంత్రం లీ తన కోర్ కమాండర్ రిచర్డ్ యూయెల్‌కు, వీలుపడితే సిమెటరీ హిల్ అనే కొండను పట్టుకోమని, అయితే మిగతా సైన్యం వచ్చేదాకా పూర్తిస్థాయి పోరాటానికి దిగవద్దని ఆదేశం పంపాడు. యూయెల్ దాడి చేయలేదు. అది తప్పా ఒప్పా అని నేటికీ వాదులాట నడుస్తూనే ఉంది. లీగా ఆడే మిత్రుడిని పక్క గదిలో కూర్చోబెట్టి, చీటీల మీద ఆజ్ఞలు రాయించి, ప్రతి చీటీ ఒక వంతు ఆలస్యంగా అందేలా చేస్తే ఇలాంటి సందిగ్ధం నియమం అక్కరలేకుండానే పుడుతుంది. చీటీ చదివిన మిత్రుడు వీలుపడితే అన్న మాటకు తన స్వభావాన్ని బట్టి అర్థం తీస్తాడు. దూకుడు మనిషి కొండెక్కుతాడు. ఆచితూచి నడిచేవాడు ఆగిపోతాడు.

గెలుపు అంటే ఏమిటి

మన ఊళ్లలో ఆడే పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేకలను తినాలి. మేకలు పులిని కదలకుండా కట్టెయ్యాలి. బలాలు వేరు, లక్ష్యాలూ వేరు, అయినా ఆట సమంగా సాగుతుంది. చారిత్రక పోరాటాలకు గెలుపు నియమాలు రాసేది ఈ పద్ధతిలోనే. మొదటిరోజు ఉదయం యూనియన్ నాయకుడు జాన్ బ్యూఫర్డ్ తన అశ్వికదళాన్ని గుర్రాలు దింపి, తనకన్నా ఎంతో పెద్దదైన కాన్ఫెడరేట్ నాయకుడు హెన్రీ హెత్ డివిజన్‌ను పట్టణానికి పడమటి గుట్టల మీద అడ్డుకున్నాడు. అతను ఆ గుట్టలను శాశ్వతంగా నిలుపుకోనక్కరలేదు; జాన్ రేనాల్డ్స్ పదాతిదళం వచ్చేదాకా సమయం సంపాదిస్తే చాలు. అందువల్ల ఆ ఘట్టాన్ని ఆడేటప్పుడు, బ్యూఫర్డ్ ఆటగాడు బల్ల మీద వెనక్కి వెనక్కి జరుగుతూనే గెలవవచ్చు.

దక్షిణాది పక్షం ఆడటం గురించి

1861లో అమెరికా నుంచి విడిపోతున్నప్పుడు మిసిసిపీ రాష్ట్రం చేసిన ప్రకటన తన వైఖరి బానిసత్వ వ్యవస్థతో ముడిపడి ఉందని దాపరికం లేకుండా చెప్పింది. 1860 జనగణన ప్రకారం అమెరికాలో బానిసత్వంలో ఉన్నవారు దాదాపు 40 లక్షలు. పెన్సిల్వేనియాలో ప్రవేశించిన లీ సైన్యం అక్కడి నల్లజాతి పౌరులను పట్టుకుని, స్వేచ్ఛగా పుట్టినవారిని సైతం, దక్షిణానికి తరలించింది. ఇదేదీ బల్ల మీద కనిపించదు. బొమ్మలకు రంగులున్నాయి, జెండాలున్నాయి, శౌర్యం ఉంది; కారణం మాత్రం లేదు. ఈ ఆట మీద అభ్యంతరం చెప్పేవారి వాదనలో అత్యంత బలమైన భాగం ఇదే. దీన్ని తేలికగా కొట్టిపారేయకూడదు.

ఎదుటి వాదనలోనూ బలముంది. ఒక పక్షాన్ని ఆడటం దాన్ని సమర్థించడం కాదు. లీ సైన్యం ఎలా ఓడిందో అర్థం కావాలంటే ఎవరో ఒకరు ఆ వైపు నిలబడి దాని పరిమితులను అనుభవించాలి. 2015 జూన్‌లో చార్లెస్టన్ చర్చిలో తొమ్మిది మంది నల్లజాతీయులను ఒక జాత్యహంకారి కాల్చి చంపిన తరువాత, ఆపిల్ సంస్థ కాన్ఫెడరేట్ జెండా కనిపించే ఆటలను తన యాప్ స్టోర్ నుంచి తొలగించింది. గెటిస్‌బర్గ్ మీద తయారైన కంప్యూటర్ ఆట కూడా వాటిలో ఉంది. చరిత్రను చూపడానికే ఆ జెండాను వాడిన కొన్నింటిని తరువాత తిరిగి అనుమతించింది. ఆ సంస్థ చివరికి గీసుకున్న గీత, అంటే చరిత్రను చూపడానికీ జెండాను గొప్ప చేయడానికీ మధ్య తేడా, బొమ్మల ఆటకూ పనికొస్తుందని నా అభిప్రాయం. అయితే ఆ గీత దానంతటది నిలవదు. ఆట పరిచయ పత్రంలో యుద్ధ కారణాన్ని రాయడం, 1863 జులై 18న కాన్ఫెడరేట్ల కోట ఫోర్ట్ వాగ్నర్ మీద దాడి చేసిన 54వ మసాచుసెట్స్ నల్లజాతి రెజిమెంటు వంటి దళాల పోరాటాలను కూడా ఆడటం వంటి పనులు కావాలి. ఆ బొమ్మలతో ఆడలేనని ఎవరైనా మిత్రుడు అంటే, దానికి సంజాయిషీ అడగవలసిన పని లేదు.

ఒక ఆట ఏం నిరూపిస్తుంది

పికెట్స్ ఛార్జ్‌ను పదిసార్లు ఆడితే రెండుసార్లు కాన్ఫెడరేట్లు యూనియన్ పంక్తులు నిలిచిన సిమెటరీ రిడ్జ్ గుట్టను పట్టుకున్నారనుకుందాం. నియమాలు తప్పా? అసలు దాడిలో పాల్గొన్నవారిలో సగానికి పైగా చనిపోవడమో, గాయపడటమో, పట్టుబడటమో జరిగింది. కొందరు మాత్రమే యూనియన్ పంక్తి ముందున్న రాతిగోడ దాటగలిగారు. కాబట్టి ఎప్పుడూ విఫలమయ్యేలా రాయాలని కొందరంటారు. చరిత్ర ఒక్కసారే జరిగింది కనుక ఆ ఫలితం ఎంతవరకు అనివార్యమో దాన్నిబట్టి తేల్చలేమని మరికొందరంటారు. ఈ వివాదం ఆటగాళ్లు పుట్టించినది కాదు. ఆ ఉదయం లీ ఈ దాడి సాధ్యమని నమ్మాడు. దాన్ని నడిపించవలసిన జేమ్స్ లాంగ్‌స్ట్రీట్ అసాధ్యమని భావించాడు. ఇద్దరూ అదే నేలను చూశారు, అదే సైన్యాన్ని ఎరుగుదురు.

నియమకర్త మాత్రం మధ్యేమార్గంలో ఉండిపోలేడు, ఒక అంకె రాయక తప్పదు. దాడి దారికి అడ్డంగా ఉన్న ఎమిట్స్‌బర్గ్ రోడ్డు కంచె దాటడానికి దళానికి ఒక వంతు పూర్తిగా పడుతుందని రాస్తే, ఆ వంతంతా యూనియన్ ఫిరంగులు దగ్గర దూరం నుంచి ఇనుప గుళ్లు నింపిన డబ్బాలు పేలుస్తూనే ఉంటాయి, లాంగ్‌స్ట్రీట్ మాటే నిజమవుతుంది. రెండు అంగుళాల నడక తగ్గుతుందని మాత్రమే రాస్తే లీకి అవకాశం మిగులుతుంది.